పొదిలి ఎముకలు, బ్రాడీపేట ఫిల్ములు

గుంటూరు బ్రాడీపేటలో ఎవరి చిరునామా చెప్పాలన్నా ముందు లైను, తర్వాత అడ్డరోడ్డు చెబుతారు. ఆ లైన్లలో ఇవాళ డాక్టర్ల బోర్డులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. అమెరికా నుంచి 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ మిషన్ ఆస్పత్రికి పునాది వేసినప్పటి నుంచి, 1946లో వైద్య కళాశాల వచ్చాక మరింతగా, చుట్టుపక్కల జిల్లాల నొప్పులన్నీ గుంటూరు దారి పట్టాయి. వంగి మిరపకాయలు కోసినవాళ్లు, పత్తి తీసినవాళ్లు, యార్డులో మిర్చి టిక్కీలు మోసినవాళ్లు మోకాళ్లు పట్టేసి ఇక్కడికి వస్తారు. ఎక్స్‌రే తీయించి, మందులు వాడి, నొప్పి తగ్గకపోతే చాలామంది అనే మాట ఒకటే: ఎమ్మారై తీయిస్తే గానీ అసలు సంగతి తేలదు. పెద్ద యంత్రం పెద్ద నిజం చెబుతుందన్న ఈ నమ్మకం ఎంత బలమైనదో, ఈ నేల చరిత్ర దాన్ని అంత గట్టిగానూ కాదంటుంది. కీళ్లనొప్పికి తీసిన బొమ్మల్లో మన దేశ వైద్య చరిత్రలో నిలిచిపోయినవి కొన్ని ఈ మెట్ట ఊళ్ల మనుషులవే. అవి మామూలు ఎక్స్‌రేలు. వాటికి విలువ వచ్చింది, తీసినవాళ్లు ముందుగా సరైన ప్రశ్న వేసుకోవడం వల్ల.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం ప్రాంతం కొత్త జిల్లాగా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోవి. వాన తక్కువ, కింద రాయి, తాగడానికి బావినీళ్లే దిక్కు. 1930ల మొదట్లో అక్కడి రైతుల కంట ముందుగా పడింది మనుషుల జబ్బు కాదు, ఎడ్ల జబ్బు. బయటి నుంచి కొనుక్కొచ్చిన ఎడ్లు కొన్ని నెలలు తిరిగేసరికి కీళ్లు బిగుసుకుపోయి, కుంటుతూ, కాడికి పనికిరాకుండా పోయేవి. ఎద్దు మీద డబ్బు పెట్టిన రైతు దాని నడకలో వచ్చిన తేడాను ఎవరికన్నా ముందే పసిగడతాడు. తాను ఏళ్ల తరబడి అదే నీరు తాగి నడుము వంచలేక తిరుగుతుండటాన్ని మాత్రం వయసనుకుంటాడు, వాతమనుకుంటాడు. కారణం బావినీళ్లలోని ఫ్లోరైడ్, దానివల్ల వచ్చే జబ్బు పేరు ఫ్లోరోసిస్. పశువుల్లో అది 1934లో మహాజన్ నివేదికతో హైదరాబాదు రాజ్యంలో, 1935లో విశ్వనాథన్ నివేదికతో మద్రాసు ప్రెసిడెన్సీలో నమోదైంది. మనుషుల వంతు 1937లో వచ్చింది. ఆ ఏడాది షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. షార్టే సి.జి. పండిట్, రాఘవాచారిలతో కలిసి ప్రత్యేకంగా నెల్లూరు జిల్లా గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో మరో వ్యాసం వేశారు. మన దేశంలో మనుషుల ఎముకల ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా గుర్తించింది ఈ పరిశోధనతోనే.

ఆ నలుగురి పేర్లలో బార్నార్డ్ పేరు ఈ వ్యాసానికి ముఖ్యం. మద్రాసు జనరల్ ఆస్పత్రిలో ఎక్స్‌రే విభాగాన్ని పెంచి పెద్దచేసిన మనిషి ఆయన. 1934లో ప్రారంభమైన రేడియాలజీ సంస్థకు ఆయన పేరే పెట్టారు. షార్ట్ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు. మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాక్కునే దశను పదకొండేళ్ల తర్వాత గార్న్‌హామ్‌తో కలిసి కనిపెట్టింది కూడా ఈయనే. అంటే రోగిని పట్టి చూసే వైద్యుడు, ఫిల్ము చదివే రేడియాలజిస్టు, నీటినీ క్రిములనూ పరీక్షించే ప్రయోగశాల మనిషి ఒకే ప్రశ్న చుట్టూ కూర్చున్నారు. అప్పటికి రాంట్‌జన్ ఎక్స్‌రేలను కనుక్కుని 42 ఏళ్లు. సీటీ లేదు, ఎమ్మారై లేదు. ఉన్నది ఒక గాజు గొట్టం, ఒక ఫిల్ము.

ఆ ఫిల్ములో ఏం కనిపిస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. మామూలు ఎముక ఎక్స్‌రేలో తెల్లగా ఉన్నా లోపల సన్నని గీతల అల్లిక తెలుస్తుంది. ఫ్లోరోసిస్ ముదిరిన వెన్నెముకలో, కటి ఎముకలో ఆ అల్లిక మొదట ముతకబారుతుంది, ఆ తర్వాత గీతకూ గీతకూ తేడా లేకుండా సున్నం పూసిన గోడలా అంతా తెల్లగా అయిపోతుంది. వెన్నుపూసల్ని కలిపే లిగమెంట్లలో సున్నం పేరుకుని వెన్ను ఒకే కర్రలా బిగుసుకుంటుంది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తంగా తిరగాల్సి రావడం అందుకే. లోపలి సందు ఇరుకై వెన్నుపాము నొక్కుకుపోతే కాళ్లు చచ్చుబడతాయి. అన్నిటికన్నా పనికొచ్చే ఆనవాలు మాత్రం ముంజేతిలో ఉంటుంది. మోచేతికీ మణికట్టుకీ మధ్య ఉన్న రెండు ఎముకల్ని ఒక పలచని పొర కలిపి ఉంచుతుంది. ఆరోగ్యవంతుడి ఎక్స్‌రేలో ఆ పొర అసలు కనిపించదు. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లతరబడి తాగినవాడి ఫిల్ములో ఆ ఎముకల లోపలి అంచులు ముళ్లకంపలాగా గరుకుగా తేలి, పొర ఉండవలసిన చోట తెల్లని చారలు పడతాయి. నొప్పి నడుములో ఉన్నా మోకాలిలో ఉన్నా, ఈ ఒక్క ముంజేతి ఫిల్ము ఒళ్లంతా జరుగుతున్న సంగతి చెప్పగలదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. బొమ్మ తీశారు కాబట్టే కదా జబ్బు బయటపడింది, అలాంటప్పుడు ఎన్ని బొమ్మలు తీస్తే అంత మంచిది కాదా అని. కోపెన్‌హాగెన్‌లో 1932లో మోలర్, గుడ్‌యోన్‌సన్ క్రయోలైట్ ఫ్యాక్టరీ కార్మికుల్ని పరీక్షించి ఎముకలు విపరీతంగా గట్టిపడటం చూసిన ఉదాహరణ కూడా ఈ వాదనకే బలమిస్తుంది. వాళ్లు ముఖ్యంగా వెతికింది దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు జరిగే హానికోసం. ఎముకల సంగతి అనుకోకుండా దొరికింది. నిజమే, ఎక్స్‌రే లేకపోతే ఆ ఎముకలు కనిపించేవి కావు. కానీ కనిపించడం వేరు, అర్థం కావడం వేరు. తెల్లగా గట్టిపడిన కటి ఎముక ప్రొస్టేట్ క్యాన్సర్ పాకిన మగవాడిలోనూ కనిపిస్తుంది, పాజెట్ అనే ఎముక జబ్బులోనూ కనిపిస్తుంది. ఫిల్మును ఒంటరిగా గోడకు తగిలించి చూస్తే పొదిలి రైతు ఎముకకు క్యాన్సర్ ముద్ర పడే ప్రమాదం ఉంది. నెల్లూరు జిల్లాలో జవాబు తేల్చింది ఫిల్ముతోపాటు ఆ ఊరి బావినీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందన్న కొలత, పళ్ల మీద గారమచ్చలు, అదే నీళ్లు తాగిన ఇరుగుపొరుగుల ఒళ్లు. కోపెన్‌హాగెన్‌లోనూ అంతే: ఫ్యాక్టరీలో పనిచేసేది క్రయోలైట్‌తో, అందులో ఫ్లోరిన్ ఉంది అన్న సంగతి తెలిసినందువల్లనే ఫిల్ముకు అర్థం వచ్చింది.

ఆ జబ్బు అక్కడితో ఆగలేదు, రూపం మార్చుకుంది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు కాలవల్లోకి వదిలిన తర్వాతి ఏళ్లలో, నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ఊళ్లలో పెరిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకోవడం డాక్టర్లు చూశారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో దీని గురించి రాశారు. వీళ్ల ఎక్స్‌రేలు 1937 నాటి ఫిల్ముల్లా లేవు. వెన్ను గట్టిపడి ఉంది, కాళ్లూ చేతుల ఎముకలు మాత్రం పలచబడి ఉన్నాయి. తెల్లగా గట్టిపడటమే ఫ్లోరోసిస్ గుర్తు అని బట్టీపట్టినవాడు ఆ కాళ్ల ఫిల్ములు చూసి ఇది వేరే జబ్బు అనుకునేవాడు. పోషకాహార సంస్థవాళ్లు ఆ ఇళ్లలో తినేది జొన్నన్నమా, వరన్నమా అని అడిగారు, ఆ గింజల్లో రాగి, మాలిబ్డినం ఎంతున్నాయో కొలిచారు. ముప్ఫై ఆరేళ్ల తేడాతో జరిగిన ఈ రెండు పరిశోధనల్లోనూ వాడింది పాతకాలపు ఎక్స్‌రేనే. మారింది అడిగే ప్రశ్నలు.

ఆ తర్వాత యంత్రాలు వరదలా వచ్చాయి. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ తొలి రోగిని సీటీలో పడుకోబెట్టాడు. 1973లో లాటర్‌బర్ అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాల సాయంతో బొమ్మ తీయొచ్చని చూపించాడు. ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అందరూ అనుకుంటున్నట్టు ఈ యంత్రాలు ఒకే మెట్లదారిలో ఒకదాని పైన ఒకటి లేవు. ఎక్స్‌రే ఎముకను, సున్నాన్ని, కీలు వరసను చూపిస్తుంది. సీటీ చితికిన ఎముక ముక్కలు ఎటు జరిగాయో చెప్పడంలో సాటిలేనిది. ఎమ్మారై గుజ్జును, మెనిస్కస్ అనే మోకాలి మెత్తను, లిగమెంటును, మజ్జలో చేరిన నీటిని పట్టిస్తుంది, ఎముకల మీద సన్నగా పేరిన సున్నాన్ని చూపడంలో ఎక్స్‌రే కన్నా వెనకబడుతుంది. పైన చెప్పిన ముంజేతి పొర సంగతికి ఎమ్మారై సరైన పనిముట్టు కాదు. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన అన్నీ ఎక్కువగా కనిపించవు.

బ్రాడీపేటకు వచ్చే మోకాళ్లలో ఎక్కువ భాగం ఫ్లోరోసిస్‌వి కావు, నడివయసు దాటాక గుజ్జు అరిగినవి. వీటి విషయంలోనూ చరిత్ర అదే చెబుతుంది. 1957లో ఇంగ్లండులో కెల్‌గ్రెన్, లారెన్స్ ఎక్స్‌రేను బట్టి అరుగుదలకు సున్నా నుంచి నాలుగు దాకా మెట్లు కట్టారు. మన రిపోర్టుల్లో కనిపించే గ్రేడు 2, గ్రేడు 3 అవే. 1968లో స్వీడన్‌లో ఆల్‌బాక్ మరో సంగతి గట్టిగా చెప్పాడు: మోకాలి ఫిల్ము రోగిని నిలబెట్టి తీయాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా పెద్దది. బల్ల మీద పడుకోబెట్టి తీస్తే ఒంటి బరువు మోకాలి మీద పడదు. గుజ్జు సగం పోయినా రెండు ఎముకల మధ్య ఖాళీ నిండుగా ఉన్నట్టే కనిపిస్తుంది. అదే మనిషి నిలబడితే లోపలివైపు ఎముకలు దగ్గరికి జరుగుతాయి, కాలు ఎంత వంకరపడిందో కూడా తేలుతుంది. పడుకోబెట్టి తీసిన ఫిల్ములో ఏమీ లేదని ఎమ్మారైకి పంపే రోగుల్లో కొందరికి, రెండోసారి నిలబెట్టి తీసిన మామూలు ఎక్స్‌రే చాలు. టెక్నీషియన్ ఒక్క నిమిషం ఓపిక పట్టి రోగిని లేపి నిలబెట్టడం వేలరూపాయల స్కానింగును ఆదా చేయగలదు.

ఎమ్మారై తీయిస్తే నొప్పికి మూలం కనబడుతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. కనబడుతుంది, నొప్పి లేనివాళ్లలో కూడా కనబడుతుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్నంలో 50 నుంచి 90 ఏళ్ల మధ్య వయసున్న 991 మందికి మోకాలి ఎమ్మారై తీసి ఎంగ్లండ్ అనే పరిశోధకుడి బృందం 2008లో ఫలితాలు ప్రచురించింది. మెనిస్కస్ చిరిగినట్టు కనిపించినవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలరోజుల్లో ఆ మోకాలిలో నొప్పి గానీ పట్టేసినట్టు గానీ లేదు. 2012లో గెర్మాజి బృందం ఎక్స్‌రేలో అరుగుదల ఏమీ కనిపించని 710 మందికి ఎమ్మారై తీస్తే 89 శాతం మందిలో ఏదో ఒక లోపం దొరికింది. నొప్పి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఇందులో పెద్ద తేడా లేదు. అరవయ్యేళ్ల మిరప కూలీ మోకాలిలో చిరుగు అని రిపోర్టు రాగానే ఆ చిరుగే నొప్పికి కారణమని తేల్చి ఆపరేషన్‌కు పంపడం ఎంత తొందరపాటో ఈ లెక్కలు చెబుతాయి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు ఇంకా ముందుకు వెళ్లి, 45 ఏళ్లు నిండిన మనిషికి నడిచినప్పుడు నొప్పి ఉండి, పొద్దున లేచాక బిగుసుకుపోవడం అరగంటకు మించకపోతే అరుగుదల అని నిర్ధారించడానికి మామూలుగా ఏ బొమ్మా అక్కర్లేదంటున్నాయి.

దీన్ని చదివి ఎమ్మారై దండగ అనుకుంటే అదీ పొరపాటే, అది ప్రాణం మీదికి తేగల పొరపాటు. తుంటి కీలుకు రక్తం అందక ఎముక తల చచ్చుబడిపోయే జబ్బు మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లకు, మద్యం అలవాటున్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది. కూలిపోకముందే పట్టుకుంటే కీలు నిలబెట్టుకునే దారులున్నాయి, అందుకు ఎమ్మారై కావాల్సిందే. జ్వరంతో కీలు వాచి ఎర్రబడితే చీము పట్టిందేమో తేల్చుకోవాలి. ఆ పని ముందు సూదితో నీరు తీసి చేయాలి, బొమ్మ కోసం ఆగకూడదు. నడుము నొప్పితోపాటు బరువు తగ్గుతూ సాయంత్రం జ్వరం వస్తుంటే వెన్నుకు టీబీ పట్టిందేమోనన్న అనుమానం మన దగ్గర తప్పనిసరి. అక్కడ ఎమ్మారై ఎక్స్‌రే కన్నా వారాల ముందే చెప్పగలదు. కాళ్లలో బలం తగ్గుతున్న ఫ్లోరోసిస్ రోగికి కూడా వెన్నుపాము ఎక్కడ నొక్కుకుందో చూపించేది ఎమ్మారైనే. ఈ సందర్భాలన్నిటిలో ఒక ప్రశ్న ముందుంది, దానికి తగిన యంత్రం వెనక వచ్చింది. ఎక్స్‌రే చౌక కాబట్టి ముందు తీయాలన్నది నా వాదన కాదు. మోకాలి ఎక్స్‌రేకు పడే రేడియేషన్ మిల్లీసీవర్టులో వెయ్యో వంతుల్లో ఉంటుంది కాబట్టి భయం లేదన్నదీ అసలు కారణం కాదు. చాలా కీళ్లనొప్పుల్లో మొదటి ప్రశ్న ఎముక గురించీ కీలు వరస గురించీ ఉంటుంది, అందుకు అది సరిపోతుంది.

అల్ట్రాసౌండ్ చరిత్ర మన దగ్గర వేరే దారిలో నడిచింది. కీలులో నీరు చేరిందా, భుజం కండరాల తాడు తెగిందా, కీళ్లవాతంలో లోపలి పొర వాచిందా అన్నవాటికి అది చక్కని పనిముట్టు. చవక, రేడియేషన్ లేదు, కీలును కదిలిస్తూ చూడొచ్చు. కానీ ఆడపిల్లల్ని గర్భంలోనే తుంచేసే ఘోరాన్ని ఆపడానికి 1994లో చేసిన చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ నమోదు కావాలి, ఎక్కడ వాడుతున్నారో లెక్క ఉండాలి. ప్రతి స్కానింగ్ సెంటర్ గోడమీదా లింగ నిర్ధారణ చేయబడదు అన్న బోర్డు అందుకే. ఆ చట్టం అవసరం, దాన్ని సడలించాలని ఎవరూ అడగకూడదు. అయితే కీళ్ల డాక్టరు తన టేబుల్ పక్కన చిన్న యంత్రం పెట్టుకుని అక్కడికక్కడే చూసే పద్ధతి మన దగ్గర ఆలస్యంగా, తక్కువగా పెరగడానికి ఇదీ ఒక కారణం. దానివల్ల అల్ట్రాసౌండ్‌తో తేలిపోయే భుజం నొప్పులు కూడా ఎమ్మారై గదికి వెళ్తున్నాయి.

అసలు ఏ బొమ్మా పనికిరాని కీళ్లనొప్పి ఒకటి 2006లో ఆంధ్రదేశాన్ని మంచాన పడేసింది. చికున్‌గున్యా వచ్చిన ఇళ్లలో పిల్లాపెద్దా వేళ్లు మడవలేక, చీలమండలు వాచి నెలల తరబడి బాధపడ్డారు. దోమ కుట్టి వచ్చిన వైరస్‌ది ఆ నొప్పి. ఎక్స్‌రే తీస్తే మహా అయితే వాపు కనిపిస్తుంది. తేల్చేది రక్తపరీక్ష, లేదా ఊళ్లో ఎంతమందికి ఇదే జ్వరం వచ్చిందన్న లెక్క. ఇక్కడ కూడా పొదిలిలో జరిగినట్టే, జవాబు రోగి ఒంట్లో కన్నా అతని ఊళ్లో త్వరగా దొరికింది.

డాక్టర్లు ఇన్ని ప్రశ్నలు అడిగే తీరిక ఎక్కడిది, గంటలో ముప్ఫైమందిని చూడాలి అన్నది చివరి అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. రోగులూ ఫిల్ము చేతికొస్తేనే వైద్యం జరిగిందనుకుంటారు. దూరం నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లకు ఉత్త చేతులతో ఇంటికి పోవడం కష్టంగా ఉంటుంది. రాసిచ్చిన స్కానింగుకు కమీషన్ అందుతుందన్న అనుమానం కూడా జనంలో ఉంది. వైద్యులు అలాంటివి తీసుకోకూడదని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలే స్పష్టంగా చెప్పాయి. ఎవరినీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. కానీ తీరిక లేదన్న మాటను ఒక లెక్కతో సరిచూడాలి. ఏ ఊరు, ఏ నీళ్లు, ఎన్నేళ్లుగా, పొద్దున ఎంతసేపు బిగుసుకుంటుంది, జ్వరం ఉందా, బరువు తగ్గారా అని అడగడానికి పట్టేది రెండు మూడు నిమిషాలు. అడగకపోతే పోయేది ఒక కూలీ కుటుంబం కొన్ని వారాల సంపాదన. ఆ రెండిటిలో ఏది బరువైనదో డాక్టరుకు తెలియక కాదు. అడిగే అలవాటు ఫిల్ము రాసే అలవాటు కింద నలిగిపోయింది.

ఈ అలవాటును తిరిగి నిలబెట్టడానికి బ్రాడీపేటలో కొత్త యంత్రమేదీ దిగక్కర్లేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. పథకాల నీళ్లు వచ్చాక కూడా పాత బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు ఈ జిల్లాల్లో ఇంకా చాలా ఉన్నాయి, ఎముకలో చేరిన ఫ్లోరైడ్ నీళ్లు మార్చగానే దిగిపోదు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు నుంచి గానీ నల్గొండ వైపు నుంచి గానీ వచ్చి, ఒకటికి మించిన కీళ్లు బిగుసుకుంటున్నాయని, మెడ తిప్పలేకపోతున్నామని చెప్పే మనిషికి, మోకాలి ఎమ్మారై రాసేముందు చేయాల్సిన పని ఇది: తాగిన నీళ్ల సంగతి చీటీ మీద రాయాలి, పళ్లు చూడాలి, నిలబెట్టి మోకాళ్ల ఫిల్ము తీయాలి, దాంతోపాటు కటి ఎముకది ఒకటి, ముంజేతిది ఒకటి తీయాలి. రేడియాలజిస్టుకు వెళ్లే కాగితం మీద 'మోకాలి నొప్పి' అని మాత్రమే రాస్తే ఆయన మోకాలి సంగతే చెబుతాడు. ఫ్లోరోసిస్ అనుమానం అని ఒక్క మాట చేరిస్తే ముంజేతి ఎముకల మధ్య అంచుల్ని వేరే కళ్లతో వెతుకుతాడు.